కాలిన వానదేవుడు

పోయిన వారం భద్రమ్మను కుమ్మరి తిమ్మప్ప ఆవం ముందు నిలబెట్టి వచ్చాం. ఆవంలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. కాలిన కుండలూ మూకుళ్ళూ ఒక్కటొక్కటిగా తీసి పక్కన పేరుస్తున్న తిమ్మప్ప చేయి ఒకచోట ఆగిపోయింది. కట్టెతో మెల్లగా దొర్లించి బయటికి లాగాడు. అది కుండ కాదు. తూముపల్లె పిల్లలు నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పుతున్న వానదేవుడు. చెరువు మన్నుతో చేసిన పచ్చి బొమ్మ ఇటుకలాగా ఎర్రగా కాలి ఉంది. కళ్ళకు పెట్టిన ఆముదం గింజలు మాడిపోయి, ఆ చోట రెండు నల్లటి గుంటలు మిగిలాయి.

వాన మొహం చాటేసిన ఏడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చేసే పనే ఇది. చెరువు మన్ను పిసికి, పలక మీద బొజ్జ దేవుణ్ణి కూర్చోబెట్టి, మెడలో వేపమండలు వేసి పిల్లలు ఇంటింటికీ మోసుకుపోతారు. ప్రతి ఇల్లాలూ కడవెడు నీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించి చేటలో గింజలు వేస్తుంది. ఆ నీళ్ళకు దేవుడు కొంచెం కొంచెంగా కరుగుతాడు. ముందు ముక్కు పోతుంది, తర్వాత చేతులు పోతాయి. ఆఖరికి మిగిలిన ముద్దను చెరువులో వదిలి, వచ్చిన గింజలు అక్కడే వండుకుని తింటారు. ఆయన కరిగితేనే మబ్బు కరుగుతుందని నమ్మకం. అట్లాంటి దేవుణ్ణి కాల్చడమా! తిమ్మప్ప బొమ్మ మీది బూడిద దులిపి భద్రమ్మ ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, ఇది నువ్వు బొమ్మలు నేర్పే పిల్లోళ్ళ పనే," అన్నాడు. "నేను ఆవం కప్పేటప్పుడు ఈ ఓరన ఎవురో దూర్చినారు. ఎవురైతే పెట్టినారో గానీ, మంచి పనిమంతురాలు. ఇంత మందం బొమ్మ లోపలి తడికి పగిలి పెంకులైపోవల్ల. సూడు, బొడ్డుకాడ బెజ్జం పెట్టింది, ఆవిరి పోయేకి."

భద్రమ్మ ఆ బెజ్జాన్ని చూసింది. వేపపుల్లతో కిందినుంచి పైకి ఏటవాలుగా గుచ్చిన బెజ్జం. ఆ చేయి ఎవరిదో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. కొంగు కప్పి బొమ్మను చంకన పెట్టుకుంది. దాచాలనుకుంది. కానీ ఆవం దగ్గర జరిగింది ఊళ్ళో దాగుతుందా? ఆమె ఇల్లు చేరేలోపలే మాట నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డ బిందెలన్నింటినీ దాటి చావిడి చేరింది.

ఇదంతా సెల్‌ఫోన్లు ఊళ్ళోకి రాకముందు మాట. రెండువేల రెండో సంవత్సరం. శింగనమల చెరువు అడుగు బయటపడి, నెర్రెల్లో మేకపిల్లల కాళ్ళు ఇరుక్కుపోతున్న ఏడు. ఊరి చివర వేరుశనగ గోడౌన్ ఒకటి ఉండేది. పంటే లేకపోయాక గోడౌన్‌తో ఎవరికేం పని? దాని తాళంచెవి భద్రమ్మ చేతికి వచ్చింది. అనంతపురం నుంచి ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు వచ్చి, పదేళ్ళూ పన్నెండేళ్ళ ఆడపిల్లలను ఆదివారాలు కూర్చోబెట్టుకుని నాలుగు మంచి విషయాలు నేర్పమ్మా అని అడిగితే, "నాకేం వచ్చునప్పా, నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాదు," అంటూనే ఒప్పుకుంది.

ఆమెకు వచ్చింది తక్కువేమీ కాదు. ఇదే ఊళ్ళో పుట్టి, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలుగా పోయి, అక్కడ గళ్ళ కాగితం మీద అంచులకూ బుటాలకూ బొమ్మలు వేయడం నేర్చింది. అంగట్లో బెల్లం చుట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని కూడబలుక్కుని చదువు నేర్చింది. భర్త పోయాక, మగ్గం అమ్ముడుపోయాక, ఒక ట్రంకు పెట్టెతో పుట్టినూరికి తిరిగొచ్చింది. ఈడువాళ్ళు తప్ప ఊరు ఊరంతా, తండ్రీ బిడ్డా తేడా లేకుండా, ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళు.

గోడౌన్ గోడల నిండా బొగ్గుతోనూ సున్నంతోనూ ఎర్రమన్నుతోనూ పిల్లలు వేసిన బొమ్మలు. బొమ్మలతో పాటు బస్సు బోర్డు చదవడం నేర్పేది. ఎస్టీడీ బూత్‌లో ఎట్లా మాట్లాడాలో, దారిలో ఎవడైనా చేయి పట్టుకుంటే ఎంత గట్టిగా అరవాలో నేర్పేది. ఒకరోజు గోడౌన్‌లో అందరిచేతా అరిపించేసరికి, దొంగలు పడ్డారనుకుని చేలల్లోంచి మగవాళ్ళు కొడవళ్ళతో పరుగెత్తుకొచ్చారు. ఆ నవ్వు చాలా రోజులు ఊళ్ళో నడిచింది. పెద్దమనిషి కావడమంటే ఏమిటో, అప్పుడు ఎందుకు భయపడనక్కరలేదో కూడా ఆమే చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు తలుపు ఓరగా వేసేది.

మన్ను బొమ్మలు చేయడం మొదలయ్యాక ఒక సంగతి మాత్రం ప్రతి ఆదివారమూ చెప్పేది. "పచ్చిది పగుల్తాది. కాలిస్తే నిలుస్తాది."

ఎందుకంత పట్టుగా చెప్పేదో పిల్లలకు తెలియదు. గోడౌన్ గోడకు ఒక బల్ల కొట్టించింది. దాని మీద కాల్చిన బొమ్మలు వరుసగా ఉండేవి. చెవులు పెద్దవైన కుందేలు చేసిన పిల్ల తల్లిదండ్రులతో బెంగళూరు పోయింది. ఇసుర్రాయి చేసిన పిల్లకు కణేకల్ దగ్గర సంబంధం కుదిరింది. బస్సు చేసిన పిల్ల అదే బస్సెక్కి కదిరికి, పసిబిడ్డను ఎత్తుకునే పనికి పోయింది. బొమ్మలు మిగిలాయి. చేసిన చేతులు ఒక్కొక్కటే జారిపోయాయి. పొద్దున్నే బస్సు హారన్ మోగితే చాలు, భద్రమ్మ చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోయేది. ఇవాళ ఎవరు?

ఆ సాయంత్రం ఆ ప్రశ్నకు జవాబు ముందే తెలిసిపోయింది. చౌడేశ్వరి.

చౌడేశ్వరికి పదకొండేళ్ళు. ఈ ఏడు దేవుణ్ణి నెత్తిన మోసే వంతు ఆమెదే. తల్లి మారెక్క, తండ్రి తిప్పయ్య బెంగళూరులో కట్టడం పనికి పోయి చాలా కాలమైంది. పిల్లను పెంచుతున్నది జేజి హనుమక్క, తిప్పయ్య తల్లి. ఆ మధ్యాహ్నమే తిప్పయ్య బస్సు దిగాడు. ఒక్కడే దిగాడు. కాళ్ళు కడుక్కోకముందే అమ్మతో అన్నాడు, పొద్దున బస్సుకు పాపను తీసుకుపోతానని. భద్రమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

"బడి నడమ పీకకు తిప్పయ్యా. నీ బిడ్డ చేయి సూసినావా? మన్ను ముట్టుకుంటే పానమొస్తాది దానికి."

"పానం నిలవల్లంటే కూడు గావల్ల గదా పెద్దమ్మా," అన్నాడు తిప్పయ్య. అతని గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"మారెక్క ఎట్లుండాది?"

"ఉండాది. పని వదిలితే కూలి పోతాదని రాలే." ఆ ముక్క చెప్పి చెంబు కోసం లోపలికి తిరిగాడు. అంతలో కాలిన దేవుడి మాట ఆ వాకిలికి కూడా వచ్చింది. తిప్పయ్య విని, తలుపు చాటున తల దించుకున్న పాపను చూసి సంగతి గ్రహించి, చివరికి ఒక మాట ఇచ్చాడు. "సరే పెద్దమ్మా. చావిట్లో కూచుంటారంట గదా. నా బిడ్డది తప్పు గాదని ఊరంటే ఈడే ఉండనీ. తప్పంటే మాత్రం తీస్కపోతా. దేవుణ్ణి కాల్చిన పిల్ల అని పిలిపించుకుంటా అది ఈడ బతకల్యాదు."

భద్రమ్మకు అంతే చాలు. ఆ ఒక్క మాటను కొంగున ముడివేసుకుని చావిడికి బయలుదేరింది.

చావిడి మెట్ల మీద మగవాళ్ళు, కింద దుమ్ములో ఆడవాళ్ళు. పొద్దు ఇంకా కుంకలేదు. నడుమ పీట మీద, భద్రమ్మ తెచ్చి పెట్టిన కాలిన దేవుడు రెండు గుంటకళ్ళతో అందరినీ చూస్తున్నాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఊరి పెద్దమనిషి బయ్యన్న తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. మాటకారి మనిషి, చెడ్డవాడు కాదు. కానీ నాలుగేళ్ళుగా బోర్లు వేసి వేసి, నీళ్ళు పడక, మనసు కూడా ఆ బోరు గుంతలాగే అయిపోయింది.

"ఏమప్పా తిమ్మప్పా, నీ ఆవంలో కుండలు తప్ప దేవుళ్ళు గూడా కాలుస్తాండావా? చెప్పింటే మా ఇంట్లో ఇద్దరు ముగ్గురు దేవుళ్ళుండారు, పంపిస్తాంటిమి."

నవ్వబోయినవాళ్ళు పీట వైపు చూసి నోరు మూసుకున్నారు.

"నవ్వులాట గాదన్నా," అన్నాడు తిమ్మప్ప. "నాకు తెల్దు. గుళ్ళో చౌడమ్మ మీద ఒట్టు."

"నీకు తెల్దు. మాకు తెల్దు. దేవుడు ఆయనే నడుచుకోని పోయి ఆవంలో కూచున్యాడు, చలేసి!" బయ్యన్న చూపు భద్రమ్మ మీద వాలింది. "భద్రమ్మక్కా, ఆ గోడౌన్ తాళంచెవి నీకిచ్చినప్పుడే నేను చెప్పినా. ఆడపిల్లలకు బొమ్మలెందుకు, కేకలెందుకు అని. ఇంగ సూడు, యాడికొచ్చిందో. మబ్బు ఇట్లా వచ్చి అట్లా పోతాండాది. వానకు మొహమెట్ల సూపిస్తాము? ఎవురు జేసినారో చెప్పు. చెప్పి తాళంచెవి ఈడ పెట్టు."

భద్రమ్మ లేచింది. గుంపులో హనుమక్క పక్కన ముడుచుకుని కూర్చున్న చౌడేశ్వరి రెండు జడలు ఆమెకు కనిపిస్తున్నాయి. గుంపు వెనకాల చెరువు తూము గోడకు ఆనుకుని తిప్పయ్య. ఒక్క మాట తేడా వస్తే పొద్దున బస్సు.

"నేనే కాల్చినా బయ్యన్నా," అంది.

ఆడవాళ్ళలో గుసగుస లేచింది. హనుమక్క తల విదిలించింది. ఆమె, భద్రమ్మ ఒక ఈడువాళ్ళు.

"మే భద్రా, నోరు ముయ్యే! అబద్ధం చెప్పేది గూడా చేతగాదు నీకు. చిన్నప్పుడు చింతకాయలు దొంగిలించి, అడక్కముందే ఏడ్చినదానివి. నువ్వు దేవుణ్ణి కాలుస్తావా?"

ఆ మాటతో భద్రమ్మ కళ్ళ ముందు ఏళ్ళకేళ్ళు పక్కకు తొలగిపోయాయి. ఇదే చావిడి. ఇదే దుమ్ము. నెత్తిన పలక, పలక మీద దేవుడు, కింద తను. పక్కన హనుమి పాట ఎత్తుకునేది. ఆ పిల్ల గొంతు ఎత్తితే చెరువుగట్టు అవతలి ఊరికి వినబడేది. ఆ రోజుల్లో బావుల్లో నీళ్ళు చేతికందేవి. ఒక్కో ఇంటి ముందు కడవలు కడవలు కుమ్మరించేవాళ్ళు. దేవుడి బురదంతా తన మొహం మీదుగా, మెడ మీదుగా కారి, పరికిణీ ఒంటికి అతుక్కుపోయి, మండు వేసవిలో పళ్ళు టకటకలాడేవి. మోసేందుకు వంతుల కోసం నలుగురు స్నేహితులు జుట్లు పట్టుకునేవాళ్ళు. ఒకామె బళ్ళారి వైపు కోడలై పోయింది. ఒకామె తొలికాన్పులోనే పోయింది. తను ధర్మవరం పోయింది. మిగిలింది హనుమి ఒక్కతే. తను తిరిగొచ్చిన రోజు, ట్రంకు పెట్టె ఎత్తుకుని బస్టాండు నుంచి ఇంటిదాకా ఏమీ మాట్లాడకుండా నడిచిన హనుమి.

"నేను నేర్పినానే కాలిస్తే నిలుస్తాదని," అంది భద్రమ్మ. "నేర్పినదాన్ని నేనే కదా."

"నేర్పినోళ్ళదే తప్పయితే కొడవలి చేసిన కమ్మరి జైల్లో ఉండల్ల," అన్నాడు బయ్యన్న. "ఎవురు పెట్టినారో చెప్పమంటాండా."

అప్పుడు రెండు జడలు లేచాయి. పరికిణీ పట్టుకుని జేజి కిందికి లాగింది. పిల్ల ఆ చేయి వదిలించుకుని పీట దాకా వచ్చింది. అక్కడ ఆగి, రెండు కాళ్ళూ సమంగా పెట్టి, తల ఎత్తింది.

"నా పేరు చౌడేశ్వరి. నేనే పెట్టినా."

తూము గోడ దగ్గర తిప్పయ్య కళ్ళు మూసుకున్నాడు.

బయ్యన్న కాస్త తగ్గాడు. పసిపిల్ల ఎదురుగా వచ్చి నిలబడితే ఎంత పెద్దమనిషికైనా గొంతు అంత త్వరగా లేవదు. "ఏంటికి పాపా? దేవుడు నిన్నేమన్న్యాడు?"

"పగుల్తాండె."

"ఎవురు?"

"దేవుడు. మొదటి దినము చేయి పగిలె. ఉమ్మి రాసి అతికించినా. మర్సటి దినము చెవి ఊడె. ఎండకు గట్టిపడి పలక మీద లటలటా కొట్టుకుంటాండె. నెత్తిన మోసేదాన్ని నాకు తెలుస్తాది. మెడ కాడ చీలిక పడింది. తలకాయ ఊడి కింద పడితే ఊరికే నష్టమని జేజి చెప్పింది. పెద్దమ్మేమో కాలిస్తే నిలుస్తాది అని చెప్పింది. అందుకే..." పిల్ల బొమ్మ బొడ్డు దగ్గర బెజ్జాన్ని వేలితో చూపించింది. "అందుకే పొట్ట తొలిచి, బెజ్జం పెట్టి, ఆవంలో పెట్టినా."

"దేవుడు పగిలేదేంటికి? నీళ్ళు పడితే మెత్తగా కరగల్ల గదా!"

"నీళ్ళు ఎవురు పోసినారు?" అంది చౌడేశ్వరి.

బయ్యన్న ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

పిల్ల అది నిందగా అనలేదు. జరిగింది జరిగినట్టు, బడిలో అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "మీ ఇంటికాడ చిన్నమ్మ చెంబులో వేళ్ళు ముంచి చిలకరించింది. ఆ పక్కింట్లో తడిగుడ్డ పిండినారు. ఇంకో ఇంట్లో గింజలేసి, నీళ్ళు ట్యాంకరొచ్చినాక పోస్తాము పో అన్న్యారు. బిందె ఎవురూ ఎత్తలే. మేము పాడి పాడి ప్రతి వాకిట్లో చానాసేపు నిలబడితిమి. ఎవురూ పోయలే."

ఆడవాళ్ళ వరసలో ఒక్కో తలా కిందికి వాలింది. ఎవరినీ అనడానికి లేదు. ట్యాంకరు ఒక రోజు వస్తే ఒక రోజు రాదు. వచ్చిననాడు బిందెల కోసం జుట్లు పట్టుకుని, నెత్తుర్లు కారేలా కొట్టుకుని, ఇంటికి తెచ్చుకున్న నీళ్ళు. బిడ్డకు ముంత కొలిచి పోసే నీళ్ళు. అవి మన్ను మీద కుమ్మరించాలంటే ఏ తల్లికి చేయి వస్తుంది? అయినా గింజలు అందరూ వేశారు. దేవుడు గింజలు చూసి మోసపోతాడని అనుకున్నారేమో!

"నీళ్ళు యాడుండాయి పాపా," అన్నాడు బయ్యన్న. ఆ మాటలో పెద్దరికం లేదు.

హనుమక్క లేచి నిలబడింది. మామూలుగా వంగి నడిచే మనిషి, ఆ క్షణాన నిటారుగా ఉంది. "నేనూ పోయలే. దేవుని పాట ఎత్తేదాన్ని నేను. నా మనవరాలు నా వాకిట్లోకి మోసుకోనొస్తే, కడవ మూత తెరిచి, లోపల సూసి, మళ్ళా మూసినా. మేకపిల్లకుండల్ల అనుకుంటి. ఎండలో నెత్తిన మోస్తాండే బిడ్డను సూళ్ళే, మేకపిల్లను సూసినా." ముక్కు చీదింది. "బయ్యన్నా, దేవుణ్ణి ఎండబెట్టింది మనము. ఆ పిల్ల కాపాడబోయింది. తప్పెవురిదో నువ్వే చెప్పు. నీ ఇంట్లో నీళ్ళ తొట్టి ఉండాది గదా, మూతేసి తాళం గూడా ఉండాదంట."

ఇప్పుడు నవ్వు ఆగలేదు. బయ్యన్న తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, ఆ నవ్వులో తనూ కలిశాడు. కలవక ఏం చేస్తాడు?

"సరే హనుమక్కా, సరే. తప్పు ఊరిదే. పాపది తప్పు లేదు. ఇంగ కాలినోన్నేమి చేద్దాము? చెరువులో వదిల్తే కరగడు. ఇంట్లో పెట్టుకోలేము. పగలగొట్టేకి చేతులు రావు."

"మా పనిలో ఒకటుండాదన్నా," అన్నాడు తిమ్మప్ప. ఇంతసేపూ ఆ మాట కోసం కాచుకున్నట్టు ముందుకు జరిగాడు. "కాలిన పెంకులు మేము పారెయ్యము. నూరి పిండి చేసి పచ్చి మన్నులో కలుపుతాము. ఆ కుండ ఎండకు చీలదు. ఈయనను గూడా నూరి కొత్త మన్నులో కలిపితే..."

"పాతోడు కొత్తోని లోపలుంటాడు!" అంది హనుమక్క.

"పిల్లోళ్ళే చేయనీ," అన్నాడు బయ్యన్న. "గోడౌన్‌లో. భద్రమ్మక్క దగ్గర. ఈసారి ఇంటికొక బిందె. నాతోనే మొదలు. ఇయ్యనోళ్ళ ఇంటి ముందు ఆ పిల్లోళ్ళు అందరూ కలిసి కేకలేస్తారు. ఆ కేకలు మీరు ఇన్న్యారు గదా, దొంగలు గూడా పారిపోతారు."

ఎవరో ఈల వేశారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని లేచారు. చిన్నపిల్లలు పీట చుట్టూ మూగి దేవుడి గుంటకళ్ళలో వేళ్ళు పెట్టి చూస్తున్నారు. భద్రమ్మ మాత్రం లేవలేకపోయింది. తాళంచెవి నడుముకు గుచ్చుకుంటోంది. ఆ నొప్పి కూడా హాయిగా ఉంది. మొదటిసారి ఒక బస్సు ఖాళీగా పోబోతోంది. చౌడేశ్వరి పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్ళో వాలింది. పిల్ల జుట్టులో ఇంకా ఆవం పొగ వాసన. ఆమె ఆ తల నిమురుతూ తూము గోడ వైపు చూసి, "ఇన్న్యావు గదా తిప్పయ్యా, ఊరేమనిందో," అంది.

తిప్పయ్య గుంపును దాటుకుని ముందుకు వచ్చాడు. దగ్గరికి వచ్చాక గానీ కనపడలేదు, అతని బుగ్గలు ఎంత లోపలికి పోయాయో.

"ఇన్న్యా పెద్దమ్మా. అయినా తీస్కపోతా."

"అదేంది! మాటిచ్చినావు."

"ఇచ్చినా. ఏం జేద్దును?" బయ్యన్న చూస్తున్నాడు, హనుమక్క చూస్తోంది. అతను ఎవరి మొహమూ చూడలేదు. "నాకు ఆడ ఇబ్బందిగా ఉండాది. పొద్దున పనికి పోతే రాత్రికొస్తా. గుడిసెలో పొయ్యి ముట్టిచ్చేకి మనిషి ల్యాదు. ఇంత అన్నం ఉడకేసేవాళ్ళు ల్యారు. పాప ఉంటే ఆ పని చేస్తాది. ఊరు మంచి మాట అనింది, సంతోషము. బస్సు మాత్రం పొద్దున్నే."

"పదకొండేండ్ల బిడ్డ నీకు వండిపెట్టల్లనా?" హనుమక్క కొడుకు మీదికి విరుచుకుపడింది. "నీకు సిగ్గుండల్ల. దాని చేతులు సూడు..."

భద్రమ్మ కూడా అరవబోయింది. బడి గురించి, మాట తప్పడం గురించి, ఇంకా చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ ఒళ్ళోంచి పిల్ల బరువు లేచిపోయింది. చౌడేశ్వరి తండ్రి ముందు నిలబడి ఉంది.

"నాయనా."

"ఏం పాపా."

"పొయ్యి ముట్టిచ్చేకి మనిషి ల్యాదంటాండావు." పిల్ల ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది. "మరి అమ్మ?"

హనుమక్క తిట్టు సగంలో ఆగింది. ఇంటికి మళ్ళిన ఆడవాళ్ళలో ముందు వెళ్తున్నవాళ్ళు కూడా నిలబడి వెనక్కు చూశారు. ఉండాది, పని వదిలితే కూలి పోతాదని రాలే, అని వాకిట్లో తిప్పయ్య అన్న మాట భద్రమ్మ చెవిలో మళ్ళీ మోగింది. అప్పుడు వినలేదు తను. పిల్ల పోతుందేమోనన్న భయంలో, రాని మనిషి సంగతి పట్టించుకోలేదు. కోడలు ఎట్లుందని హనుమక్క కూడా ఇంకో మాట అడగలేదు. ఊరంతా దేవుణ్ణి కాల్చింది ఎవరని వెతికింది, మారెక్క ఏమైందని ఎవరూ అడగలేదు.

తిప్పయ్య ఉన్నచోటనే కూలబడ్డట్టు చావిడి మెట్టు మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సిమెంటుకు పగిలిపోయిన ఆ వేళ్ళ సందుల్లోంచి వచ్చిన గొంతు అతనిదిలా లేదు.

"చెప్తా. అందరికీ చెప్తా. ముందు పాపను ఇంట్లేకి తీస్కపోండి."

చౌడేశ్వరి కదల్లేదు.

(తరువాయి వచ్చే వారం)